స్పోర్ట్స్ కారుకి కొత్త టైర్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి టైర్ల మీద వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: నాది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. పాత టైర్ల మీద 225/40 ఆర్18 92వై ఎక్స్‌ఎల్ అని ఉంది. షాపులో అదే సైజులో 88వి టైర్లు చూపించి, "సైజు ఒకటేనండీ, మన రోడ్ల మీద రెండొందల స్పీడు ఎవరు పోతారు, ఇవి చాలు" అంటున్నారు. ధరలో తేడా బాగానే ఉంది. వేయించుకోవచ్చా?
(నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

వద్దండీ. సైజు ఒకటే అన్నమాట నిజమే గానీ, సైజు చెప్పేది ఆ టైరు రిమ్ము మీద కూర్చుంటుందా లేదా అన్నంతవరకే. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ ఎత్తు. 18 అంటే అంగుళాల్లో రిమ్ము. టైరు ఎంత మోస్తుందో, ఎంత వేడిని ఓర్చుకుంటుందో చెప్పేవి ఆ తర్వాత ఉన్న 92, వై.

92 అంటే ఒక్కో టైరు 630 కిలోలు మోయగలదు. 88 అయితే 560 కిలోలే. టైరుకి 70 కిలోల చొప్పున నాలుగింటికీ 280 కిలోలు తగ్గిపోయాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని తిరుమల బయల్దేరిన రోజున ఆ 280 కిలోలే మీకు కావాలి.

ఇక అక్షరం. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్లు, వి 240, డబ్ల్యూ 270, వై 300. జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి 100 అయినప్పుడు 300 దేనికి అని షాపువాళ్లు అడిగేది ఇందుకే. కానీ మీరు ఎంత స్పీడు పోతారన్నది కాదు ఆ అక్షరం అడిగేది. బరువు మోస్తూ అంత వేగంలో పుట్టే వేడికి టైరు విచ్చిపోకుండా నిలబడుతుందని చెప్పేది అది. పై రేటింగు టైర్లలో ఉక్కు బెల్టుల మీద నైలాన్ పొరలు గట్టిగా బిగించి ఉంటాయి. బెల్టులు విడిపోకుండా పట్టి ఉంచేది ఆ పొరే. రోహిణి కార్తెలో మన తారు రోడ్డు మీద కాలు పెట్టలేం. టైరు తన ప్రయాణం మొదలుపెట్టేదే ఆ వేడి నుంచి. అందుకే కంపెనీ ఇచ్చిన అంకెకీ అక్షరానికీ పైన ఉన్నది వేసుకోవచ్చు, కింద ఉన్నది మాత్రం ఒప్పుకోకండి.

ఎక్స్‌ఎల్ అంటే ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువు మోసే రకం. దాని గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆ టైరు 630 కిలోలు మోసేది 42 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పుడు. మామూలు టైరు తన పూర్తి బరువు మోసేది 36 దగ్గర. ఎక్స్‌ఎల్ టైరులో కూడా 36 మాత్రమే పెడితే అది మోసేది ఇంచుమించు ఆ 88 టైరు మోసినంతే. టైరు గట్టిదని గాలి తగ్గిస్తే, పెట్టిన డబ్బుకి ఫలితం లేదు. మీ కారులో పెట్రోలు మూత లోపలి వైపు స్టిక్కరు ఉంటుంది. అందులో తక్కువ బరువుకి ఒక గాలి, పూర్తి బరువుకి ఒక గాలి వేరువేరుగా రాసి ఉంటాయి. దూరప్రయాణానికి ముందు రెండోది చూసి పట్టించండి.

ప్రశ్న: హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కి 195/55 ఆర్16 వచ్చింది. లుక్ కోసం 17 అంగుళాల అలాయ్‌లు వేసి 215/45 ఆర్17 పెడదామనుకుంటున్నాను. ఫ్రెండ్స్ 16 మీదే 205/55 వెయ్యమంటున్నారు. ఏది మేలు? రోజూ చీమకుర్తి వైపు పోయి రావాలి.
(ఒంగోలు నుంచి ఒక పాఠకుడు)

ముందు లెక్క చూద్దాం. ఏ టైరుకైనా మొత్తం ఎత్తు ఇలా తేలుతుంది: వెడల్పుని శాతంతో గుణించి, రెండింతలు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి కలపాలి. మీ పాత టైరు ఎత్తు 620.9 మిల్లీమీటర్లు. 215/45 ఆర్17 అయితే 625.3, అంటే 0.7 శాతం ఎక్కువ. 205/55 ఆర్16 అయితే 631.9, అంటే 1.8 శాతం ఎక్కువ. తేడా 2 శాతం దాటనంతవరకు స్పీడోమీటరు, ఏబీఎస్ లెక్క పెద్దగా తప్పదు. కాబట్టి కాగితం మీద రెండూ నడుస్తాయి.

రోడ్డు మీదకి వచ్చేసరికి సంగతి వేరు. ఇప్పుడు మీ టైరు పక్క గోడ 107 మిల్లీమీటర్లు. 17 అంగుళాలకి పోతే 97 అవుతుంది. సెంటీమీటరే కదా అనిపిస్తుంది గానీ, గుంతలో పడినప్పుడు రిమ్ము అంచుకీ గుంత అంచుకీ మధ్య నలిగేది ఆ గోడే. అలా నలిగినప్పుడు లోపలి దారాలు తెగి, నాలుగు రోజుల తర్వాత పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనబడుతుంది. ఆ ఉబ్బుకి రిపేరు లేదు, టైరు తీసి పారేయాల్సిందే. మీరు పోయేది గ్రానైట్ లారీలు తిరిగే దారి. లారీల మీంచి జారిన చెక్కలు, కంకర రోడ్డు అంచున ఉంటాయి. వాటి అంచులు కత్తిలా ఉంటాయి. పొట్టి గోడ టైరుకి అంతకన్నా చెడ్డ దారి ఉండదు.

రిమ్ము మార్చాలంటే టైరు సైజొక్కటే చూసుకుంటే చాలదు. 215/45 ఆర్17 కూర్చోవాలంటే రిమ్ము వెడల్పు 7 నుంచి 8 అంగుళాల మధ్య ఉండాలి. ఐ20కి బోల్టులు నాలుగు, 100 మిల్లీమీటర్ల వలయం మీద. మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. బజారులో దొరికే అలాయ్‌లు అన్ని కార్లకీ సరిపోవాలని ఆ రంధ్రం పెద్దగా చేసి ఉంటాయి. మధ్యలో రింగు వేయకుండా బిగిస్తే చక్రం హబ్బు మీద సరిగ్గా మధ్యకి కూర్చోదు. 80 దాటాక స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు. ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) తేడా వస్తే తిప్పినప్పుడు టైరు లైనర్‌కి, అంటే చక్రం పైన ఉండే ప్లాస్టిక్ కప్పుకి రాసుకుంటుంది. పైగా బరువైన రిమ్ము వేస్తే పికప్, బ్రేకు, గతుకుల మీద కుదుపు మూడూ చెడతాయి. కంపెనీ ఇచ్చిన వివరాలకి మించి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి కూడా రావచ్చు.

మా మాట వింటే, పాత రిమ్ములు, పాత సైజు ఉంచుకోండి. 17 అంగుళాల అలాయ్‌లకి పెట్టే డబ్బులో కొంత తీసి అదే 195/55 ఆర్16లో ఒక మెట్టు పై రకం టైరు కొనండి. కారు మలుపులో ఎట్లా పట్టుకుంటుందో, తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: ముందు రెండు టైర్లే అరిగాయి. రెండే మార్చదలిచాను. ఇంజను లాగేది ముందు చక్రాలనే కాబట్టి కొత్తవి ముందే వేయమన్నారు. సరేనా?
(కోవూరు నుంచి ఒక పాఠకుడు)

కాదు. కొత్త జత ఎప్పుడూ వెనక్కి, వెనక ఉన్నవి ముందుకి. ముందు టైరు నీళ్ల మీద జారితే కారు తిన్నగా పోతుంది, స్టీరింగ్‌లో తేలిక తెలుస్తుంది, కాలు తీస్తే దారికి వస్తుంది. వెనకది జారితే కారు గిర్రున తిరుగుతుంది. దాన్ని ఆపే నేర్పు నూటికి ఒక్కరికి ఉంటే గొప్ప. మన దగ్గర గట్టి వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో హైవే మీద పల్లపు చోట్ల నీళ్లు నిలుస్తాయి. చట్టం ప్రకారం ట్రెడ్, అంటే నేలను తాకే భాగంలోని గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్ల దాకా అరగవచ్చు. గాడుల్లో అడ్డంగా కనిపించే చిన్న దిమ్మెలు ఆ కొలతే. కానీ వెడల్పు టైరుకి అంతదాకా ఆగితే నీళ్లు బయటికి తోసే గాడి ఉండదు. 3 మిల్లీమీటర్లకి రాగానే, అదీ సెప్టెంబరు లోపే, మార్చేయండి.

ఫోర్ వీల్ డ్రైవ్ కారైతే రెండే మార్చే ముందు మాన్యువల్ చూడండి. ముందు వెనక టైర్ల ట్రెడ్‌లో తేడా ఎక్కువైతే అవి వేర్వేరు వేగాలతో తిరిగి మధ్యలో ఉన్న క్లచ్ వేడెక్కిపోతుంది.

ప్రశ్న: చెన్నైలో సెకండ్‌హ్యాండ్‌లో పోర్షే 718 కేమన్ కొన్నాను. ముందు 235/45 ఆర్18, వెనక 265/45 ఆర్18. వెనకవి అయిపోయాయి, ముందువి సగం ఉన్నాయి. టైరు మీద ఎన్1 అని గుర్తు ఉంది. అదే గుర్తున్నది కావాలంటే వారాలు ఆగాలంటున్నారు. గుర్తు లేనిది వేస్తే ఏమవుతుంది?
(కావలి నుంచి ఒక పాఠకుడు)

ఆ ఎన్ గుర్తు ఉత్త స్టాంపు కాదు. అదే పేరు, అదే సైజు టైరుని పోర్షే కోసం లోపలి పొరలు, రబ్బరు కొంచెం మార్చి చేసి, ఆ కారు మీద పరీక్షించాక వేసే గుర్తు. బీఎండబ్ల్యూకి నక్షత్రం, మెర్సిడెస్‌కి ఎంఓ, ఆడికి ఏఓ అలాంటివే. ఎన్0, ఎన్1, ఎన్2 అన్నవి వరసగా వచ్చిన మార్పులు. ముందు ఎన్1 ఉంటే వెనక కూడా అదే మోడల్, అదే గుర్తు రావాలి. ఇంజను మధ్యలో ఉండి, వెనక చక్రాలు లాగే కారులో ముందు వెనక పట్టు ఒకదానికొకటి తూకం కట్టి ఉంటుంది. వెనక పట్టు తక్కువ టైరు వేశారో, మలుపులో తోక ముందుకొస్తుంది.

ఆలస్యానికి కారణం ఉంది. 2020 జూన్‌లో కార్ల టైర్ల దిగుమతిని కేంద్రం నియంత్రిత జాబితాలోకి మార్చింది. లైసెన్సు ఉంటేనే తేవాలి. దానికి తోడు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఎక్కువ అమ్ముడుపోని సైజులు అందుకే అలమారులో దొరకవు. కాబట్టి ట్రెడ్ 4 మిల్లీమీటర్లు ఉండగానే ఆర్డరు పెట్టుకోండి. పూర్తిగా అరిగాక వెతికితే దొరికింది వేయించుకునే పరిస్థితి వస్తుంది.

మీకు వెనక రెండే మార్చుకోవడం తప్పు కాదు, ఈ కారుకి వెనకవి ముందే అరగడం సహజం. సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి వేసే మాటే లేదు. ఒకే ఇరుసు మీద కుడి ఎడమల ట్రెడ్ తేడా 30 శాతం దాటకూడదని పోర్షే చెబుతుంది. అంటే ఒకటే పగిలినా తరచు రెండు కొనాల్సిందే. ముందు టైర్ల తయారీ తేదీ కూడా చూడండి. ఆరేళ్లు దాటి ఉంటే ట్రెడ్ ఎంతున్నా నాలుగూ మార్చేయండి. షెడ్డులో నిలబెట్టిన కార్లలో రబ్బరు ఎండి గట్టిపడుతుంది. చూడ్డానికి కొత్తగా ఉంటుంది, వానలో సబ్బుబిళ్లలా జారుతుంది.

ప్రశ్న: మాది సముద్రానికి దగ్గర. వారానికి 3, 4 పీఎస్‌ఐ గాలి దిగిపోతోంది, పంక్చర్ లేదంటున్నారు. నైట్రోజన్ పెట్టిస్తే ఆగుతుందా? ఎండాకాలం గాలి తగ్గించి పెట్టాలన్నది నిజమేనా?
(ముత్తుకూరు, సింగరాయకొండ నుంచి వచ్చిన రెండు ఉత్తరాలు)

రెండో ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే ప్రాణాలు తీసేది అదే. ఎండాకాలం గాలి తగ్గించకూడదు. గాలి తగ్గితే చక్రం తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఎక్కువ మడత పడుతుంది. రబ్బరు లోపల వేడి పుట్టేది ఆ మడతవల్లే. మేలో మధ్యాహ్నం హైవే పక్కన చీరికలైపోయిన టైర్లు కనిపిస్తాయే, వాటిలో చాలావాటికి మొదటి కారణం గాలి తక్కువై నడవడం. గాలి ఎక్కువై పేలిందని జనం అనుకుంటారు.

చల్లగా ఉన్నప్పుడు 33 పెట్టినది గంటసేపు నడిచాక 37, 38 చూపిస్తుంది. తయారుచేసినవాళ్లు ఆ పెరుగుదలని లెక్కలో వేసుకునే 33 అని రాశారు. బంకు దగ్గర వేడిగా ఉన్న టైరులో గాలి తీసేస్తే, మర్నాడు పొద్దున అది 29కి దిగి ఉంటుంది. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత తేడాకి ఒకటిన్నర పీఎస్‌ఐ మారుతుంది. అందుకే తెల్లవారుజామున, ఎండ ఒకవైపు పడకముందు, సొంత గేజితో చూసుకోండి. బంకు గేజీలు ఒకదానికొకటి పొంతన ఉండవు.

ఇక గాలి దిగిపోవడం. ఆరోగ్యంగా ఉన్న టైరుకి నెలకి 1, 2 పీఎస్‌ఐ తగ్గడం మామూలే. వారానికి 3 అంటే ఎక్కడో దారి ఉంది. ముందు వాల్వు పిన్ను దగ్గర సబ్బునీళ్లు వేసి చూడండి. అక్కడ బుడగ రాకపోతే, టైరు రిమ్ముని కరిచిపట్టే అంచు చుట్టూ వేయండి. ఉప్పుగాలికి అలాయ్ రిమ్ము పెయింటు కింద తెల్లటి పొడిలా తుప్పు పట్టి, బీడింగు కూర్చునే చోటు గరుకవుతుంది. గాలి ఆ సందుల్లోంచి పోతుంది. టైరు విప్పి, ఆ పొడిని సన్న ఎమరీతో శుభ్రం చేసి, బీడ్ సీలర్ రాసి మళ్లీ ఎక్కించాలి. గుంటలు పడి ఉంటే రిమ్ముకి మళ్లీ కోటింగు చేయించాలి. ఇది చేయకుండా కొత్త టైరు వేసినా గాలి నిలవదు. బీచికి పోయి వచ్చినప్పుడల్లా రిమ్ము లోపలి వైపు కూడా మంచినీళ్లతో కడిగేయండి.

మనం పీల్చే గాలిలో 78 శాతం ఇప్పటికే నైట్రోజనే. విడిగా పట్టించే నైట్రోజన్‌లో తేమ ఉండదు, అది ఒక్కటే చెప్పుకోదగ్గ లాభం. కారుతున్న రిమ్ముకి మాత్రం అది మందు కాదు.

ప్రశ్న: ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి ఏడాదికి రెండు మూడుసార్లు పోతాను. సెమీ స్లిక్ టైర్లు వేసుకుని అదే కారులో పోయి రావచ్చా?
(నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

పోయి రావడానికే 350 కిలోమీటర్లు పైబడి, హైవే మీద. శ్రీపెరుంబుదూరు దగ్గరున్న ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. మీ టైరు బతుకులో ఎక్కువ భాగం రోడ్డు మీదే గడుస్తుంది. సెమీ స్లిక్‌లో గాడులు తక్కువ, లోతు తక్కువ, రబ్బరు వేడెక్కితే గానీ పట్టదు. నవంబరు వానలో సూళ్లూరుపేట దగ్గర నీళ్లు నిలిచిన చోట అది తేలిపోతుంది. మీకు మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ తరహా రోడ్డు స్పోర్ట్ టైరు సరిపోతుంది. సైజు దొరికితే అపోలోవాళ్ల వ్రెడెస్టైన్ అల్ట్రాక్ వోర్టీ కూడా చూడండి.

టైరు మీద ట్రెడ్‌వేర్ 300 అని చూసి 400 ఉన్న వేరే కంపెనీ టైరుతో పోల్చకండి. ఆ అంకె ఏ కంపెనీకి ఆ కంపెనీ వేసుకునేది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోల్చుకోవడానికి పనికొస్తుంది: అంకె చిన్నదైతే రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతుంది.

ట్రాక్ మీద మాత్రం గాలి లెక్క వేరు. నాలుగైదు ల్యాప్‌లలో 6 పీఎస్‌ఐ దాకా పెరగవచ్చు కాబట్టి అక్కడ 3 తగ్గించి మొదలుపెట్టి, లోపలికి రాగానే వేడిగా ఉండగానే కొలవండి. టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది. అరిగిన గీత ఆ త్రికోణం దాటి పక్క గోడ మీదికి దిగితే గాలి తక్కువైనట్టు. ఇంటికి బయల్దేరే ముందు తగ్గించిన గాలి తిరిగి పట్టించడం మరిచిపోకండి.

ప్రశ్న: టైర్లు మార్చేటప్పుడు షాపులో దగ్గరుండి ఏం చూసుకోవాలి?
(ఒంగోలు, బుచ్చిరెడ్డిపాలెం, నెల్లూరు పాఠకులు)

ముందు తేదీ. డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి: 2325 అంటే 2025లో 23వ వారం. ఇది టైరుకి ఒక పక్కే ఉండవచ్చు, రెండు పక్కలా తిప్పి చూడండి. నాలుగూ దగ్గర దగ్గర వారాలవి అయి ఉండాలి. ఏడాది లోపువి అయితే నిశ్చింత. రెండేళ్లు దాటినవి, ఎంత తగ్గించి ఇస్తామన్నా, స్పోర్ట్స్ కారుకి వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లులో అది సరిగ్గా వేశారో లేదో, టైరు నంబర్లు రాశారో లేదో చూసుకోండి. వారంటీ ఆ నంబర్ల మీదే.

పొట్టి గోడ టైరు ఎక్కించడానికి పక్క చెయ్యి ఉన్న మెషీన్ కావాలి. ఇనుప లీవర్లతో తన్ని ఎక్కిస్తే బీడింగు చిరుగుతుంది, బయటికి కనబడదు. గాలిపీడనం సెన్సర్ వాల్వు లోపలి వైపే ఉంటుంది, మెషీన్ పట్టు దానికి దూరంగా మొదలుపెట్టమని చెప్పండి. సెన్సర్ ఉంటే వాల్వు పిన్ను, రబ్బరు సీలు కొత్తవి వేయించండి. బీడింగు టప్పుమని కూర్చునేటప్పుడు 40 పీఎస్‌ఐ దాటనివ్వకూడదు. కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ సబ్బు రాయాలి. కూర్చున్నాక రిమ్ము పక్కన ఉన్న సన్న గీత చుట్టూ ఒకే దూరంలో కనబడాలి. అవుట్‌సైడ్ అని రాసిన పక్క బయటికి, రొటేషన్ బాణం ముందుకి. పసుపు చుక్క ఉంటే దాన్ని వాల్వు పక్కకి తెస్తే బ్యాలెన్సింగ్ ముక్కలు తక్కువ పడతాయి. అయినా ఒక చక్రానికి 60 గ్రాములు దాటి అడుగుతోందంటే, టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి.

బోల్టులు గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. ఎక్కువ బిగిస్తే బ్రేకు డిస్కు వంకర పోయి, బ్రేకు వేసినప్పుడు పెడల్ కొడుతుంది. చేత్తో ఎక్కించి, నక్షత్రం వరసలో టార్క్ రెంచితో బిగించాలి: ఆక్టేవియాకి 120 న్యూటన్ మీటర్లు, పోర్షే 718కి 160, ఐ20కి 107 నుంచి 127 మధ్య. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. అలైన్‌మెంట్ గాలి సరిచేశాకే చేయించాలి. పాత టైర్లు లోపలి అంచున మాత్రమే తిన్నాయంటే చాలావరకు టో కోణం (చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో చూసే కోణం) తప్పినట్టు. అది సరిచేయకపోతే కొత్తవాటికీ అదే గతి.

కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన నూనె పొర ఉంటుంది. మొదటి 300 కిలోమీటర్లు గట్టి మలుపులు, గట్టి బ్రేకులు వద్దు. పంక్చర్ పడితే ట్రెడ్ మధ్య భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రమైతేనే లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచ్ వేయించాలి. బయట నుంచి దూర్చే జిగురు తాడు ఇంటికి చేరడానికే. భుజం మీద, పక్క గోడ మీద పడితే ఏ రిపేరూ వద్దు.

చివరగా, ఆక్టేవియా లాంటి కొన్ని కార్లలో సెన్సర్ ఉండదు. చక్రం తిరిగే వేగాన్ని బట్టి గాలి తగ్గిందని కారు కనిపెడుతుంది. గాలి సరిగ్గా పెట్టాక స్క్రీన్ మీద టైర్ల మెనూలోకి పోయి "సెట్" నొక్కండి. నొక్కకపోతే కారు పాత, అరిగిన టైర్ల లెక్కనే గుర్తుపెట్టుకుని, ఉత్తపుణ్యానికి హెచ్చరిక చూపిస్తుంది, లేదా గాలి నిజంగా దిగినప్పుడు చూపించదు.